టీక్యా లారీ, ఎనభై బస్తాల మక్కలు

భూపాలపల్లి బొగ్గుతో పుట్టే కరెంటు తీగలోకి ఎక్కే ముందు మా దాదాకు, అంటే మా తాత టీక్యాకు దండం పెట్టి ఎక్కుతుంది. ఆయన వద్దంటే హైదరాబాదులో ఒక్క బల్బు వెలగదు. ఒకసారి నర్సింహులపేట దగ్గరి మా తండా మీద పిడుగు పడబోయిందట. కింద దాదా టెస్టు బల్బు పట్టుకుని నిలబడి ఉండటం చూసి, సిగ్గుపడి కురవి వైపు తిరిగిపోయింది. ఇవన్నీ దాదా నోటితో అన్నవి కావు. మనసులో మాత్రం ఇంతకన్నా ఎక్కువే ఉన్నాయి.

అంతటి మనిషి, సకల జనుల సమ్మె నడుస్తున్న రెండువేల పదకొండులో, దసరా పోయిన నాలుగో రోజు పొద్దున తన సొంత లారీ ఎక్కి తాళంచెవి తిప్పితే "టక్" అని ఒక్క చప్పుడు వచ్చి ఊరుకుంది.

మళ్లీ తిప్పాడు. టక్.

లారీ మీద ఎనభై బస్తాల మక్కలు ఉన్నాయి. తండాలో ఐదిండ్ల మొక్కజొన్న పంట అది. తారు రోడ్డు మీద ఆరబోసి, వారం రోజులు కుక్కల్నీ మేకల్నీ తోలుకుంటూ ఎండబెట్టిన గింజ. జనగామ నుంచి గింజలు కొనే గల్లా వ్యాపారి బ్రహ్మానందం సేటు కబురు పెట్టాడు. రేపటి నుంచి బజారంతా బంద్, మళ్లీ ఎప్పుడు తెరుస్తారో తెలియదు, ఇవాళ సాయంత్రం ఆరు లోపల వస్తే దించుకుంటాడు, తడిసిన గింజ మాత్రం దించుకోడు. తూర్పున మబ్బు పట్టి ఉంది. లారీ పరదాను ఎలుకలు ఎప్పుడో జల్లెడ చేసి పెట్టాయి.

"బ్యాటరీ పోయింది బావా," అన్నాడు అమర్‌సింగ్. ఆయన మా దాదీకి, అంటే నాయనమ్మ లచ్చికి తమ్ముడు. లారీ మీద ఇరవై రెండు బస్తాలు తనవే కాబట్టి లారీ రోగాల మీద మాట్లాడే హక్కు కూడా తనదేనని ఆయన నమ్మకం.

"నీకెట్ల ఎరుక?"

"టక్ అన్నది గద."

"నీ నెత్తి మీద మొట్టినా టక్ అంటది. గది గూడ బ్యాటరీయేనా?"

దాదీ అప్పటికే క్యాబిన్‌లో ఎక్కి, కాళ్ల దగ్గర నీళ్ల డబ్బా పెట్టుకుని కూర్చుంది.

"నువ్వెందుకు?" అన్నాడు దాదా.

"నడుమ ఆగితే నడిచి వచ్చేటందుకు నీకు తోడు గావాలె గద," అంది ఆమె.

తండా ముందు రోడ్డు వాలుగా ఉంటుంది. ఆడా మగా అందరూ వచ్చి వెనక నుంచి నెట్టారు. లారీ దొర్లింది. దాదా గేరు వేసి క్లచ్చి వదిలాడు. బండి ఒక్క కుదుపు కుదిపి, పెద్ద దగ్గు దగ్గి లేచింది. అమర్‌సింగ్ పరుగెత్తి వెనక ఎక్కాడు. పాత డీజిల్ బండికి ఇదొక్క సుగుణం ఉంది. లేపడానికే కరెంటు కావాలి, లేచాక కరెంటుతో పని లేదు. ఆపేదాకా నడుస్తూనే ఉంటుంది. ఆపాలంటే తాళంచెవి తీస్తే చాలదు. స్టీరింగు కింద ఒక గుండీ ఉంటుంది, దానికో ఇనుప తీగ. గుండీ గుంజితే తీగ పోయి ఇంజనుకు డీజిల్ ఆపుతుంది. ఇవాళ జనగామ చేరేదాకా ఆ గుండీ జోలికి పోకూడదని దాదా నిర్ణయించుకున్నాడు.

లేచింది కానీ లారీకి దయ్యం పట్టినట్టే ఉంది. హారన్ కొడితే ఇంజను వేడి చూపించే ముల్లు ఎగిరి గంతేసింది. బ్రేకు తొక్కితే డాష్‌బోర్డు దీపం కన్ను కొట్టింది. హెడ్‌లైటు వేసి చూస్తే ఒకసారి పెండ్లి పందిరి లెక్క వెలిగి, మరుక్షణం ఆముదపు దీపమైపోయింది.

"ఎవరో దిష్టి పెట్టిన్రు," అంది దాదీ. "కొత్త రంగు ఏసినంక అందరు సూసిన్రు."

రంగు సంగతి నిజమే. దసరాకు ముందు, సమ్మె శిబిరం కట్టెలకు వేయగా మిగిలిన గులాబీ రంగు రెండు డబ్బాలు అమర్‌సింగ్ తెచ్చి ఇస్తే, దాదా మూడు రోజులు కూర్చుని లారీకి తన చేత్తో రంగు వేశాడు. ముందు నెంబరు ప్లేటు మీద ఏపీ చెరిపి టీజీ రాశాడు. లారీ వెనక "జై తెలంగాణ" అని రాసి, అక్షరాలు పెద్దవై చోటు చాలక, చివరి అక్షరాన్ని పక్క చెక్క మీదికి తిప్పాడు. సమ్మె వల్ల అప్పటి నుంచి లారీ కదలనే లేదు.

మూలమలుపు దాటుతూ దాదా పళ్లు కొరికాడు. దిష్టి కాదు, దయ్యం కాదు. ఎక్కడో ఒక తీగ తనను మోసం చేస్తోంది. ఆ కోపం ఆయనకు కొత్త కాదు. ముప్పై ఏండ్ల కింద క్లీనరుగా లారీ ఎక్కిన మనిషి, భూపాలపల్లిలో బొగ్గు లారీల మీద ఉన్నప్పుడు దేవదాసు అనే ముసలి మిస్త్రీ దగ్గర వైరింగు నేర్చుకున్నాడు. దేవదాసు ఇచ్చిన సామాను అంతా కలిపి ఒక బల్బు, రెండు తీగలు. ఒక తీగ బండి ఛాసిస్‌కు, అంటే కింది ఇనుప చట్రానికి బిగించు, రెండో తీగతో కరెంటు ఎక్కడి దాకా వచ్చిందో తడుముకుంటూ పో, ఎక్కడ బల్బు ఆరిపోతే అక్కడ రోగం ఉన్నట్టు. అదే చదువు, అదే డిగ్రీ. ఆ బల్బుతో బెజవాడ షెడ్డులో ఒకసారి ఎవరికీ దొరకని షార్టు పట్టి ఇస్తే, అక్కడివాళ్లు మెచ్చుకోవడం మానేసి ఈయన "గిదే, గీడనే" అన్న మాటను పట్టుకుని పొద్దంతా నవ్వారట. సమ్మెలో అందరికన్నా ముందు టీజీ రాసింది అందుకే.

తొర్రూరు చౌరస్తా రాకముందే పొగ కనిపించింది. రోడ్డుకు అడ్డంగా పది రాళ్ల పొయ్యిలు, వాటి మీద గంపంత గిన్నెలు. వంటా వార్పు. రోడ్డు మీదనే వండి, రోడ్డు మీదనే తిని, మధ్యాహ్నం రెండింటి దాకా బండ్లు కదలనివ్వరు. దాదా లారీ ఆపాడు కానీ ఇంజను ఆపలేదు. అది డుగుడుగుమంటూ నల్లటి పొగ తీసుకుపోయి నేరుగా పప్పు గిన్నె మీద పోస్తోంది.

గరిటె పట్టుకుని ఒకామె వచ్చింది. పేరు సాలమ్మ. ఆ పది పొయ్యిలకూ ఆమే పెద్ద.

"అన్నా, ఇంజను బంద్ చెయ్యి. పొగంతా పప్పుల పడ్తాంది."

"బంద్ చేస్తే మళ్ల లేవదక్కా."

"మేం లేపుతం తియ్యి. ఇంతమందిమి ఉన్నం."

"అప్పుడు లారీని గాదు, నన్ను లేపాల్సొస్తది!"

గుంపులోంచి ఎవరో అన్నారు. "తెలంగాణ కోసం రెండు గంటలు ఇంజను ఆపలేడట, సూడుండ్రి."

ఆ మాట దాదాకు ఎక్కడ తగలాలో అక్కడ తగిలింది. కిటికీలోంచి సగం బయటికి వచ్చి అరిచాడు. "ఎవడన్నడు? ఆ నెంబరు ప్లేటు సూడు! ఈ రోడ్డు మీద అందరికన్న ముందు టీజీ రాసినోన్ని నేను!"

"మంచిగ రాసినవ్," అంది సాలమ్మ. "అందరికన్న ముందు ఆపాల్సింది గూడ నువ్వే." మెట్టు ఎక్కి, కిటికీలోంచి చెయ్యి పెట్టి గుండీ గుంజింది. ఆమె కొడుకు లారీ డ్రైవరు. ఏది గుంజాలో ఆమెకు తెలుసు.

ఇంజను ఒక్కసారి వణికి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో దాదా తల స్టీరింగు మీద పెట్టుకున్నాడు. కోపంతో అన్నం ముట్టనన్నాడు. తరువాత పప్పు రెండుసార్లు వేయించుకున్నాడు.

రెండు గంటలకు రాళ్లు పక్కకు జరిపారు. వెనక ఆగిన బండ్లన్నీ హారన్లు మొదలుపెట్టాయి. దాదా తాళంచెవి తిప్పాడు. టక్.

ఇచ్చిన మాట ప్రకారం సాలమ్మ నలభై మందిని తెచ్చింది. నెట్టారు. కానీ జనగామ వైపు రోడ్డు అక్కడ ఎత్తు ఎక్కుతుంది. లారీ ఐదు గజాలు కదిలి, గేరులో పడగానే మొరాయించింది. మూడుసార్లు నెట్టి, మూడోసారి అందరూ టైర్లకు ఆనుకుని కూర్చున్నారు. ఎట్లాగో రోడ్డు పక్కకు మాత్రం జరిపి, వెనక బండ్లకు దారి ఇచ్చారు.

"నెట్టి లేపినా లాభం లేదు," అన్నాడు దాదా చెమట తుడుచుకుంటూ. "పాలకుర్తి దాకా ఇంకో రెండు శిబిరాలున్నయి. ఆడ గూడ ఇట్లాంటి అక్కలే ఉంటరు. రోగం దొరకాలె."

టెస్టు బల్బు తీశాడు. ఒక తీగ ఛాసిస్‌కు బిగించాడు. బ్యాటరీల దగ్గర పెడితే బల్బు ధగధగ వెలిగింది. వైరు పట్టుకుని కిందికి దూరి, ఇంజనును తిప్పి లేపే సెల్ఫ్ మోటారు దగ్గర పెట్టాడు. అక్కడా ధగధగ. అంటే కరెంటు సెల్ఫ్ దాకా క్షేమంగా వచ్చింది. వచ్చి, ఇంటి ముందు నిలబడి, లోపలికి పోవడం లేదు. పానాతో సెల్ఫ్ మీద నాలుగు దెబ్బలు వేశాడు. టక్. బోల్టులన్నీ బిగించాడు. టక్.

చౌరస్తాలో బ్యాటరీల షాపు కుమారస్వామి వచ్చి, నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు.

"టీక్యన్నా, బ్యాటరీ చార్జింగు పెట్టాలె."

"బల్బు ధగధగ వెలుగుతాంది గదయ్యా."

"వెలుగుతది గని బలం ఉండది."

"సరే, పెట్టు మరి చార్జింగు."

"కరెంటేది? పొద్దున పోయింది, రాత్రికో ఎప్పుడో వస్తది. మీ భూపాలపల్లిల బొగ్గు తవ్వుతలేరాయె."

దాదా లారీ కిందనే పడుకుని ఒక నిమిషం ఆకాశం చూద్దామనుకున్నాడు. ఇంజను అడుగు తప్ప ఏమీ కనిపించలేదు. అది కూడా గులాబీ రంగులో ఉంది.

ఇక సలహాల వాన మొదలైంది. ఫ్యూజు చూడమన్నాడు ఒకాయన. బ్యాటరీలో నీళ్లు పొయ్యమన్నాడు ఇంకొకాయన. నీళ్లు పోసే ముందు సోడా పొయ్యమన్నాడు ఆయన పక్కాయన. నిమ్మకాయలు మార్చమంది దాదీ. అమర్‌సింగ్ ప్రతి ఐదు నిమిషాలకు ఒకసారి "నేను పొద్దుగాలనే చెప్పిన" అన్నాడు.

"బామ్మర్దీ," అన్నాడు దాదా లారీ కింద నుంచి, "ఇంకోసారి బ్యాటరీ అన్నవంటే నీ ఇరవై రెండు బస్తాలు దించి రోడ్డు మీద పెడ్త. నెత్తి మీద పెట్టుకుని జనగామకు పో."

నాలుగు కావస్తుండగా ఫోను మోగింది. అవతల బ్రహ్మానందం సేటు.

"టీక్యా, ఏడున్నవ్?"

"వస్తాన్న సేటూ. దగ్గరికొచ్చిన."

"దగ్గర అంటే ఏడ?"

"తొర్రూరు."

"అది నీకు దగ్గర, నాకు గాదు. ఆరు దాటితే షట్టరు దించుడే. మబ్బు సూసినవా?"

చూడకపోవడమేమిటి. గాలి తిరిగింది. తడిమట్టి వాసన కూడా వచ్చింది. దాదా బస్తాల వైపు చూశాడు. రేపటి నుంచి బంద్. తడిస్తే రెండు రోజుల్లో గింజ మొలక వేస్తుంది. మొలకెత్తిన మక్కలను తండాలో కోళ్లకు కూడా లెక్కపెట్టి వేస్తారు. ఐదిండ్లవాళ్లు ఆయన్ను ఏమీ అనరు. అదే ఆయనకు భయం. అనకుండా, తప్పు మనదే, టీక్యా లారీ ఎక్కించినం గదా అని ఊరుకుంటారు.

క్యాబిన్‌లోకి ఎక్కి, పిచ్చికోపంతో సెల్ఫ్ కొడుతూనే ఉన్నాడు. టక్, టక్, టక్, టక్. పక్కన కూర్చున్న దాదీ దిగుదామని ముందుకు వంగి, పట్టు కోసం స్టీరింగు కింది గుండీ మీద చెయ్యి వేసింది.

"అయ్యయ్యో! కాలింది!" అని చెయ్యి విదిలించుకుంది.

"ఏం కాలింది? ఇంజను ఆగి నాలుగు గంటలాయె."

"నాకేం ఎరుక? గా గుండీ పెనం లెక్క ఉన్నది!"

"దిష్టే," అన్నాడు కింద నుంచి అమర్‌సింగ్. సాయంత్రానికి ఆయన కూడా బ్యాటరీని వదిలేశాడు.

దాదా గుండీ ముట్టుకున్నాడు. కాలింది. దాని తీగ పట్టుకున్నాడు. అదీ కాలింది. ఇంజను బంద్ చేసే ఇనుప తీగ. దాంట్లో కరెంటు ఉండదు. దానికీ కరెంటుకూ చుట్టరికమే లేదు. మరి ఎందుకు వేడెక్కింది?

కిటికీలోంచి చూస్తే, పొద్దున రోడ్డు మూసినప్పుడు బండ్లు మళ్లిన డొంక దారి కనిపించింది. ఎడ్లబండి పట్టని ఆ సందులో రెండు ఆటోలు, ఒక ట్రాక్టరు ఇంకా ఇరుక్కునే ఉన్నాయి. పెద్ద రోడ్డు మూసేస్తే ఏ బండి అయినా ఏదో ఒక సందు వెతుక్కుంటుంది.

దాదా కిందికి దూకాడు. అంతసేపూ కరెంటు సెల్ఫ్‌కు వచ్చే దారే చూశాడు, పోయే దారి చూడలేదు. సెల్ఫ్‌లోకి వచ్చిన కరెంటు ఇంజను మీదుగా ఛాసిస్‌లోకి, అక్కడి నుంచి తిరిగి బ్యాటరీకి పోవాలి. ఇంజను రబ్బరు దిమ్మెల మీద కూర్చుని ఉంటుంది కాబట్టి, ఇంజనుకూ ఛాసిస్‌కూ మధ్య ఒక లావుపాటి ఎర్తు పట్టీ బిగిస్తారు. అదే కరెంటుకు పెద్ద రోడ్డు. ఆ రోడ్డు మూసుకుపోతే కరెంటు ఈ సన్నటి గుండీ తీగను పట్టుకుని పాకుతోంది. ముప్పై ఏండ్లుగా టెస్టు బల్బు తీగను ఛాసిస్‌కే బిగించే అలవాటు. అందుకే బల్బు ధగధగమని అబద్ధం చెప్పింది.

ఈసారి బల్బు ఒక తీగ ఇంజనుకు, రెండోది ఛాసిస్‌కు పెట్టాడు. "అమర్‌సింగ్, సెల్ఫ్ కొట్టు!"

దారి బాగుంటే ఆ బల్బు వెలగకూడదు. వెలిగింది. ధగధగ వెలిగింది.

దాదా ఎర్తు పట్టీ బోల్టు విప్పాడు. పట్టీ కింద ఇనుము గులాబీ రంగులో మెరుస్తోంది. పట్టీ కొస కూడా గులాబీయే. ఇంజను వైపు విప్పాడు. అక్కడా రెండు పూతలు, తళతళ. దసరాకు రంగు వేస్తూ, పైపైన వేస్తే పుణ్యం రాదని, ప్రతి బోల్టూ విప్పి, దాని కింద కూడా రంగు వేసి, ఆరాక బిగించింది ఎవరో కాదు. రంగు మీదుగా కరెంటు పోదని క్లీనరు కూడా చెప్తాడు.

అక్కడ నిలబడినవాళ్లంతా వంగి చూశారు.  దాదీ అంది. "ఎవరి దిష్టో దొరికింది."

"కత్తి ఉన్నదా ఎవరి దగ్గరన్న?" అని గాండ్రించాడు దాదా.

సాలమ్మ ఉల్లిగడ్డలు కోసిన కత్తి తెచ్చి ఇచ్చింది. దాదా పడుకుని గీకుతున్నాడు, రంగు పొరలు పొరలుగా ముఖం మీద రాలుతోంది, ఉల్లి ఘాటుకు కళ్లు కారుతున్నాయి. అదే సమయంలో మొదటి చినుకు పడింది.

"బావా, మక్కలు!"

"నాకు రెండే చేతులురా!"

సాలమ్మ వెనక్కి తిరిగి ఒక్క కేక వేసింది. ఆడవాళ్లు శిబిరానికి కట్టిన ఫ్లెక్సీలు పటపటా కోసుకొచ్చారు. పెద్దవి నాలుగు. అమర్‌సింగ్ బస్తాల మీదికెక్కి, జీవితంలో మొదటిసారి సలహా ఇవ్వకుండా పని చేశాడు. "సకల జనుల సమ్మె వర్ధిల్లాలి" అన్నది ముందు భాగం మీద, "రోడ్లు మూసేద్దాం, రాష్ట్రం తెచ్చుకుందాం" అన్నది వెనక. మూలలు తాళ్లతో కట్టేసరికి చినుకులు ఫ్లెక్సీల మీద డప్పు కొడుతున్నాయి.

పట్టీ కింద ఇనుము తెల్లగా తేలింది. దాదా బోల్టు బిగించి, క్యాబిన్ ఎక్కి, ఎవరి వైపూ చూడకుండా తాళంచెవి తిప్పాడు. టక్ అనలేదు. లారీ ఒక్క అరుపుతో లేచింది.

"ఏమాయెనన్నా రోగం?" అని అరిచింది సాలమ్మ.

"బ్యాటరీ!" అని అరిచి గేరు వేశాడు దాదా.

పాలకుర్తి శిబిరం దగ్గర వాళ్లు చెయ్యి ఎత్తకముందే తనే గుండీ గుంజి ఇంజను ఆపి, "జై తెలంగాణ" అని, మళ్లీ ఒక్క తిప్పుకు లేపి చూపించాడు. అవసరం లేకపోయినా అంతకుముందు వచ్చిన శిబిరం దగ్గర కూడా అట్లాగే చేశాడు. దాదీ ఫోనులో టైము చూపించి తిట్టేదాకా మూడోసారి కూడా చేసేవాడే.

జనగామ చేరేసరికి ఆరూ పది. సేటు షట్టరు సగం దించి, కింద వంగి చూస్తున్నాడు. ఫ్లెక్సీలు తీయించి, నాలుగు బస్తాల్లో చెయ్యి పెట్టి, గింజ నోట్లో వేసుకుని కొరికాడు. అందరూ ఆయన దవడలే చూస్తున్నారు. కటుక్కుమంది.

"ఎండిన గింజనే," అన్నాడు సేటు. "దించుండ్రి."

పైన మూడు బస్తాలు తడిశాయి. మిగతావన్నీ దిగాయి. దాదా అక్కడే లారీ టైరుకు ఆనుకుని కూర్చున్నాడు. ముఖమంతా గులాబీ పొడి. దాదీ తన కొంగుతో తుడుద్దామని చెయ్యి చాపితే తోసేశాడు. రెండోసారి చాపితే ఊరుకున్నాడు.

తండాలో దాదా ఇప్పటికీ అది బ్యాటరీ అనే చెప్తాడు. దాదీ ఇప్పటికీ అది రంగు అనే చెప్తుంది. తెలంగాణ వచ్చి, నెంబరు ప్లేట్లు మారి, లారీ ఇనుప సామానుకు పోయినా ఈ పంచాయితీ తెగలేదు. అందుకే ఇదంతా రాసి, మొన్న దాదాకు చదివి వినిపించాను. బీడీ కాలుస్తూ చివరి దాకా విన్నాడు. రంగు సంగతి వచ్చినప్పుడు ఇంకో బీడీ ముట్టించాడు. అంతా అయ్యాక, ఎట్లుంది దాదా అని అడిగితే, బీడీ నేలకు రుద్ది అన్నాడు.

"తడిసింది మూడు బస్తాలు గాదు, రెండే. అవి గూడ అమర్‌సింగ్‌యి. దిద్దు."